పులిని చంపితే మా పత్తి చేను క్షేమమవుతుందా? అటవీ శాఖకు బహిరంగ లేఖ

తెలంగాణ అటవీ శాఖ మంత్రి గారికి, ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి గారికి,

నమస్కారం.

మాది కాగజ్‌నగర్ దగ్గర ఒక పల్లె. ఉద్యోగం వల్ల చాలా ఏళ్లుగా హైదరాబాద్‌లో, రామంతాపూర్‌లో ఉంటున్నాను. మా అమ్మ, చిన్నమ్మలు, వదినలు ఊళ్లోనే ఉన్నారు, ఏటా పత్తి ఏరుతారు. పెద్దపులి దాడిలో మనిషి చనిపోయిన ప్రతిసారీ దాన్ని కాల్చి చంపాలన్న డిమాండ్ లేస్తోంది. అలా చేయొద్దని, దాని బదులు ఏం చేయాలో వివరంగా రాసి, ఊళ్లవాళ్లతో సంతకాలు పెట్టించి ఒక సర్కారు ఆఫీసులో ఇచ్చాం. తీసుకున్నట్టు ముద్ర వేసి కాపీ చేతికిచ్చారు. ఆ తర్వాత ఎప్పుడు అడిగినా ‘పైకి పంపాం’ అన్న మాట తప్ప జవాబు లేదు. అది ఏ ఆఫీసో ఇక్కడ రాయను. అక్కడి సిబ్బందిని రచ్చకెక్కించడం నా ఉద్దేశం కాదు. కానీ మళ్లీ పత్తి పగిలే రోజులు దగ్గరపడుతున్నాయి. అందుకే ఈ లేఖను అందరి ముందు పెడుతున్నాను.

ముందు జరిగింది చెప్తాను. 2020 నవంబర్‌లో కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో ఒకే నెలలో ఇద్దరిని పులి పొట్టన పెట్టుకుంది. దహెగాం మండలం దిగిడ దగ్గర ఒక యువకుడు, పెంచికల్‌పేట మండలం కొండపల్లి దగ్గర పత్తి చేనులో ఒక అమ్మాయి. ఆ పులిని పట్టడానికి మీ శాఖ బోన్లు పెట్టింది, మత్తుమందు తుపాకులతో బృందాలను దింపింది. అది చిక్కలేదు. నాలుగేళ్లకు, 2024 నవంబర్ 29న, కాగజ్‌నగర్ మండలం గన్నారం దగ్గర పత్తి ఏరుతున్న యువతిని పులి చంపింది. మరునాడే సిర్పూర్ (టి) మండలం దుబ్బగూడ దగ్గర చేనులో ఉన్న రైతు మీద పడింది. ఆయన గాయాలతో బతికి బయటపడ్డారు.

ఈ దాడుల గురించి హైదరాబాద్‌లో రెండు రకాల మాటలు వింటున్నాను. ఒకటి, ‘ఇంకా చూస్తారేం, కాల్చి పారేయండి’ అని. రెండోది, ‘పులి ఇంట్లోకి మనుషులే వెళ్లారు, తప్పు వాళ్లదే’ అని. రెండో మాట అనేవాళ్లు అడవి మీద ప్రేమతోనే అంటారని తెలుసు. కానీ ఆ మాట మా వాళ్ల చెవిన పడితే ఎలా ఉంటుందో ఒక్కసారి ఆలోచించమని వేడుకుంటున్నాను. గన్నారంలో ఆ యువతి అడవి కొట్టడానికి వెళ్లలేదు, వేటకు వెళ్లలేదు. కూలి కోసం పత్తి చేనుకు వెళ్లింది. చేను గట్టు దాటితే అడవి మొదలవుతుంది, అంతే. మా మండలాల్లో అడవికి, చేనుకు మధ్య గోడలుండవు.

పత్తి ఎలా ఏరుతారో నగరంలో చాలామంది చూసి ఉండరు. పాత చీర గుడ్డతో నడుముకు ఒడి కట్టుకుంటారు. రెండు చేతులతో కాయల్లోంచి దూది లాగి ఒడిలో వేసుకుంటూ సాలు వెంట సాగుతారు. కింది కొమ్మల కాయలు మోకాలి ఎత్తులోనే ఉంటాయి కాబట్టి వంచిన నడుము ఎత్తే పని ఉండదు. బాగా పెరిగిన చేను ఛాతీ దాకా వస్తుంది. వంగితే పక్క సాలులో ఉన్న మనిషి కూడా కనపడదు. మాటలే ఆధారం, అందుకే ఆడవాళ్లు ఏరేటప్పుడు ఎప్పుడూ ఏదో ఒకటి మాట్లాడుకుంటూనే ఉంటారు. అలా వంగి ఉన్న మనిషి వెనక నుంచి చూసే పులికి నాలుగు కాళ్ల జంతువులా అనిపించవచ్చని వన్యప్రాణి నిపుణులు ఎప్పటి నుంచో చెప్తున్నారు. దాడులు ఎక్కువగా పత్తి చేలల్లో, పత్తి ఏరే నెలల్లో ఎందుకు జరుగుతున్నాయో దీన్నిబట్టి కొంతైనా అర్థమవుతుంది.

కూలి కిలోల లెక్కన ఇస్తారు. ఎంత ఏరితే అంత. గన్నారం ఘటన తర్వాత పొద్దెక్కాకే చేలకు వెళ్లాలని, పొద్దు వాలకముందే తిరిగి రావాలని, గుంపుగా ఉండాలని చెప్పారు. తల వెనక పెట్టుకోవడానికి మనిషి ముఖం బొమ్మ ఉన్న మాస్కులు కూడా ఇచ్చారు. సుందర్‌బన్స్‌లో ఆ పద్ధతి వాడారని విన్నాం, మంచిదే. కానీ రోజులో మూడు నాలుగు గంటలు పోతే అన్ని కిలోల కూలి పోయినట్టే. ఏరకుండా చెట్టు మీదే ఉండిపోయిన దూది మంచుకు తడుస్తుంది, రంగు మారుతుంది. తేమ 8 శాతం దాటితే, మద్దతు ధరకు పత్తి కొనే కేంద్ర సంస్థ సీసీఐ ధర కోస్తుంది, 12 దాటితే కొనదు. అంటే పులి ఒకరిని చంపితే, ఆ భయం మాత్రం చుట్టుపక్కల ఊళ్లన్నిటి జేబులోంచి డబ్బు తీస్తుంది. ఈ నష్టాన్ని ఇంతవరకు ఎవరైనా లెక్క కట్టినట్టు నాకు తెలియదు.

ఇంత చెప్పాక కూడా పులిని చంపొద్దని ఎందుకంటున్నానో వివరిస్తాను.

1. ఏ పులి చంపిందో తేలకుండా తుపాకీ ఎత్తడం న్యాయం కాదు, దానివల్ల లాభమూ లేదు. మా అడవుల్లో పులులు ఒకచోట కుదురుగా ఉండవు. ప్రాణహిత, వార్ధా నదులు దాటి మహారాష్ట్ర నుంచి వస్తుంటాయి, పోతుంటాయి. ఈ రోజు చేనులో కనిపించిన పులి నిన్న మనిషి మీద పడ్డ పులేనని ఎవరు చెప్పగలరు?

ఆదిలాబాద్ దాటి పెన్‌గంగ వంతెన ఎక్కితే వచ్చేది యవత్మాల్ జిల్లా. అక్కడి పాండర్‌కవడా ప్రాంతంలో 13 మంది మరణానికి కారణమని చెప్పిన టీ1 అనే ఆడపులిని 2018 నవంబర్ 2 రాత్రి కాల్చి చంపారు. కాల్చింది హైదరాబాద్ నుంచి వెళ్లిన ప్రైవేటు షూటర్. ఆ ఆడపులికి అప్పటికి పది నెలల వయసున్న రెండు పిల్లలున్నాయి. ముందు మత్తు సూది వేశారా లేదా అన్నదాని మీద పెద్ద వివాదం నడిచింది. నిబంధనలు పాటించలేదని జాతీయ పులుల సంరక్షణ ప్రాధికార సంస్థ వేసిన కమిటీయే తప్పుపట్టింది. 2024లో రాజస్థాన్‌లోని గోగుందాలో చిరుత దాడులు జరిగినప్పుడు కాల్చివేత ఆదేశాలిచ్చారు. ఒకదాని తర్వాత ఒకటిగా చిరుతలు బోనులో పడుతూనే ఉన్నాయి, దాడులూ కొనసాగాయి. పట్టుకున్న వాటిలో అసలు దోషి ఏదో తేల్చడమే కష్టమైంది.

మనకు ఆ ఇబ్బంది ఉండకూడదు. ఎందుకంటే, గాయం మీది లాలాజలం నుంచి, చేనులో దొరికిన వెంట్రుక నుంచి, మలం నుంచి జంతువు డీఎన్‌ఏ తీసి గుర్తుపట్టే ప్రయోగశాల మన నగరంలోనే, అత్తాపూర్‌లో ఉంది. సీసీఎంబీ అనే కేంద్ర పరిశోధన సంస్థ నడిపే ఈ ప్రయోగశాల పేరు లాకోన్స్. దీనికి ఇలాంటి పరీక్షల కోసం దేశం నలుమూలల నుంచి నమూనాలు వస్తాయి. కాగజ్‌నగర్ నుంచి రాత్రి రైలు ఎక్కితే తెల్లారేసరికి సికింద్రాబాద్‌లో ఉంటాం. నమూనా పంపడానికి దూరం అడ్డం కాదు.

2. పులిని చంపితే ఆ చోటు ఖాళీగా ఉండదు. 2022 లెక్కల ప్రకారం మహారాష్ట్రలో 444 పులులున్నాయి. వాటిలో పెద్ద భాగం మా సరిహద్దు అవతలే, తడోబా పులుల అభయారణ్యం చుట్టుపక్కల చంద్రపూర్ జిల్లాలో ఉంది. అదే లెక్కలో తెలంగాణలో ఉన్నవి 21. 2018లో 26 ఉండేవి. రెండేళ్ల వయసు వచ్చిన పులి తల్లిని వదిలి సొంత చోటు వెతుక్కుంటూ బయలుదేరుతుంది. తడోబా నుంచి అలా వచ్చిన ఫాల్గుణ అనే ఆడపులి కాగజ్‌నగర్ అడవుల్లోనే పిల్లల్ని పెట్టింది. ఈ రోజు ఒక పులిని కాలిస్తే, వచ్చే చలికాలానికి ఇంకోటి వస్తుంది. అది కుర్రది, దారి తెలియనిది, ఏ వాగు దగ్గర మనుషులుంటారో, ఏ బాటలో గొడ్లు నడుస్తాయో ఎరగనిది. మా వాళ్లకూ దాని అలవాట్లు తెలియవు. ఎన్నో ఏళ్లుగా ఒకే చోట తిరిగే పులి ఎక్కడ నీళ్లు తాగుతుందో, ఏ వేళకు ఎటు పోతుందో మా ఊళ్లో గొడ్లు కాసేవాళ్లకు తెలుసు. ఆ ఎరుక మమ్మల్ని కాపాడుతుంది. కొత్త పులి వచ్చిన ప్రతిసారీ అది మొదటికొస్తుంది.

3. పట్టుకుపోయి ఇంకెక్కడో వదిలేయడం కూడా పరిష్కారం కాదు. ఈ మాట పులిని ప్రేమించేవాళ్లకు నచ్చకపోవచ్చు, కానీ చెప్పక తప్పదు. మహారాష్ట్రలోని జున్నర్‌లో 2001 నుంచి చిరుతలను పట్టి దూరంగా అడవుల్లో వదిలారు. అంతకుముందు 1993 నుంచి 2001 దాకా అక్కడ మనుషుల మీద దాడులు సగటున ఏడాదికి 4. తరలింపులు మొదలయ్యాక 2001–2003 మధ్య ఆ సగటు 17కు పెరిగింది. వన్యప్రాణి పరిశోధకురాలు విద్యా ఆత్రేయ బృందం చేసిన ఈ పరిశోధన ఇప్పుడు వన్యప్రాణి అధికారులందరికీ తెలిసిందే. శంషాబాద్ విమానాశ్రయం దగ్గర పట్టిన చిరుతను 2024లో నల్లమలలో వదిలారు. వదిలే ముందు అక్కడి చెంచు పెంటల వాళ్లకు ఒక మాట చెప్పాలన్నది నా విన్నపం. మన భయాన్ని తీసుకెళ్లి వాళ్ల గుమ్మం ముందు దించకూడదు.

4. సర్కారే చంపుతుందంటే, చంపడం తప్పు కాదన్న మాట ఊళ్లోకి వెళ్తుంది. 2024 జనవరిలో కాగజ్‌నగర్ మండలం దరిగాం దగ్గర విషం పెట్టిన పశువు కళేబరం వల్ల పులులు చనిపోయాయి. విషం పెట్టింది ఎక్కడి నుంచో వచ్చిన వేటగాళ్లు కాదు, గొడ్డును పోగొట్టుకున్న వాళ్లే. ఆ కళేబరాన్ని ముట్టిన కుక్క, రాబందు, నక్క అన్నీ పోతాయి. ఇక కరెంటు తీగల సంగతి. అడవి పందుల కోసం పొలాల చుట్టూ, అడవి బాటల్లో పదకొండు కేవీ లైన్ల నుంచి తీగలు లాగుతున్నారు. 2024 ఫిబ్రవరిలో జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో ఇలాంటి తీగ తగిలి ఒక గ్రేహౌండ్స్ కమాండో ప్రాణం పోయింది. రాత్రి పూట చేనుకు నీళ్లు పెట్టడానికి వెళ్లే రైతులు, గొడ్లు వెతుక్కుంటూ వెళ్లే పిల్లలు ఏ తీగ మీద కాలు పెడతారో తెలియదు. పులి మీద కోపం పెరిగితే ఈ తీగలు పెరుగుతాయి, వాటికి బలయ్యేది ఎక్కువగా మనుషులే.

5. నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టేది ఇది. పులి శవం పక్కన నిలబడి ఫొటో దిగగానే అందరికీ పని అయిపోతుంది. టీవీలు వేరే వార్తకు వెళ్తాయి, నాయకులు హైదరాబాద్ తిరిగొస్తారు, ఫైలు మూతపడుతుంది. మా అమ్మ మాత్రం మళ్లీ అదే చేనులో, అదే అడవి గట్టు పక్కన, అలాగే వంగి పత్తి ఏరుతుంది. ఆమె భద్రతలో ఏ మార్పూ రాదు. కాల్చివేత ఉత్తర్వు ఖర్చు తక్కువ, చప్పుడు ఎక్కువ. ఆ చప్పుడులో మిగతా పనులన్నీ వెనక్కిపోతాయి.

చట్టం ఏం చెప్తుందో మీకు నేను చెప్పేంతవాణ్ణి కాదు, కానీ చదివేవాళ్ల కోసం రాస్తున్నాను. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం సెక్షన్ 11 ప్రకారం, పులి లాంటి మొదటి షెడ్యూలు జంతువు మనిషి ప్రాణానికి ప్రమాదకరంగా మారితేనో, కోలుకోలేనంతగా గాయపడితేనో, జబ్బుపడితేనో మాత్రమే చంపడానికి అనుమతి ఇవ్వొచ్చు. ఆ అధికారం రాష్ట్రంలో ఒక్కరికే, ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారికే ఉంది. పట్టుకోవడం, మత్తు ఇవ్వడం, వేరే చోటికి తరలించడం సాధ్యం కాదని ఆయన నమ్మాలి, కారణాలు చూపుతూ రాతపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వాలి. అదే సెక్షన్, ప్రాణం మీదికి వచ్చినప్పుడు తనను గానీ ఎదుటివాళ్లను గానీ కాపాడుకోవడానికి చేసిన పనిని నేరం అనదు. అంటే చట్టం మనిషి ప్రాణాన్ని పక్కన పెట్టలేదు. ఏ పులో నిర్ధారణ అయి, పట్టడానికి నిజాయతీగా ప్రయత్నించి, అది ఇక సాధ్యం కాదని తేలి, దాడులు ఆగకపోతే కాల్చక తప్పదు. అప్పుడు నేను అడ్డుపడను. నేను అడుగుతున్నదల్లా ఆ చివరి మెట్టును మొదటి మెట్టుగా చేయొద్దని.

పులిని ప్రాణాలతో పట్టడం సాధ్యమేనా అంటే, సాధ్యమేనని తమిళనాడు చూపించింది. 2021లో నీలగిరి జిల్లా మసినగుడి ప్రాంతంలో నలుగురి మరణానికి కారణమని చెప్పిన టీ23 అనే పులి మీద వేట ఉత్తర్వు వచ్చింది. వెంటనే చంపొద్దని మద్రాస్ హైకోర్టు చెప్పింది. మూడు వారాలు గాలించి అక్టోబర్ 15న దాన్ని ప్రాణాలతో పట్టుకుని మైసూరు తరలించారు. ఆ పనికి మూడు వారాలు పట్టిందంటే ఆ మూడు వారాలూ ఊళ్లవాళ్లు ఎంత టెన్షన్‌తో గడిపి ఉంటారో ఊహించగలను. ఆ రోజుల్లో వాళ్లను కాపాడటమే అసలు పని.

ఇంకో విషయం. 2024 ఏప్రిల్ చివర్లో శంషాబాద్ విమానాశ్రయం గోడ దగ్గర చిరుత కనిపించింది. వెంటనే బోన్లు వచ్చాయి, ఎరగా మేకలు వచ్చాయి, కెమెరాలు వచ్చాయి. వారం తిరగకముందే, మే 3న, అది బోనులో పడింది. ఒక్క మనిషికీ గీత పడలేదు. మీ సిబ్బంది ఎంత బాగా పనిచేయగలరో చెప్పడానికి అదే సాక్ష్యం. ఆ పని, ఆ వేగం, ఆ మనుషులు కాగజ్‌నగర్‌కు కూడా కావాలి. విమానాశ్రయానికి ఒక లెక్క, పత్తి చేనుకు ఇంకో లెక్క ఉండకూడదు.

ఇవీ మా డిమాండ్లు.

1. డీఎన్‌ఏ, కెమెరా, పాదముద్రల ఆధారాలతో ఏ పులో గుర్తించకుండా చంపే ఉత్తర్వు ఇవ్వకూడదు. ఇస్తే ఆ ఉత్తర్వును, కారణాలతో సహా, తెలుగులో అదే రోజు బయటపెట్టాలి. గ్రామపంచాయతీ గోడ మీద అతికించాలి.

2. దాడి జరిగిన చోట మొదటి గంటల్లో ఏం చేయాలో బీట్ ఆఫీసర్ దాకా అందరికీ తెలియాలి. శవాన్ని కదిలించకముందే నమూనాలు తీయాలి. దానికి కావలసిన కిట్లు ప్రతి రేంజ్ ఆఫీసులో ఉండాలి. జనం ఆగ్రహంతో గుమిగూడిన చోట ఇది ఎంత కష్టమో తెలుసు. అందుకే ముందుగానే ఊళ్లో ఇద్దరు ముగ్గురు యువకులకు ఈ పని మీద శిక్షణ ఇవ్వాలి. తమవాళ్లు చెప్తే జనం వింటారు.

3. మనిషి చనిపోతే ప్రభుత్వం 10 లక్షల పరిహారం ఇస్తోంది. ఇది మంచి నిర్ణయం. దాంతో పాటు, పులి తిరుగుతోందని చేలకు వెళ్లొద్దన్న రోజులకు కూలీలకు కూలి కట్టివ్వాలి. ఆ ఊళ్ల పత్తిని తేమ పేరుతో తిప్పి పంపకుండా సీసీఐతో మాట్లాడి మినహాయింపు తేవాలి. దీన్ని నేను చిన్న డిమాండ్ అనుకోవడం లేదు. ఆకలికి భయపడి చేనుకు వెళ్లేవాళ్లను ఏ హెచ్చరికా ఆపలేదు. ఇంట్లో ఉన్నా కూలి అందుతుందని తెలిస్తే మా అమ్మ లాంటివాళ్లు ఆ పది రోజులు ఇంట్లోనే ఉంటారు. పులిని పట్టడానికి మీకు ఆ పది రోజులు దొరుకుతాయి. పులి ప్రాణం, మనిషి ప్రాణం రెండూ నిలబడే చోటు అదొక్కటే.

4. పశువు చనిపోయిన ప్రతి కేసులో పశువైద్యుడు అదే రోజు వచ్చి చూడాలి. పరిహారం మార్కెట్ ధరకు, వారం రోజుల్లో ఖాతాలో పడాలి. జత ఎద్దుల్లో ఒకటి పోతే రెండోది కూడా పనికి రాదు. ఆ లెక్క కూడా చూడాలి. దరిగాం లాంటిది మళ్లీ జరగకూడదంటే ఇదే దారి.

5. యానిమల్ ట్రాకర్లుగా, బేస్ క్యాంపు వాచర్లుగా పనిచేసే స్థానిక ఆదివాసీ యువకులకు నెలనెలా జీతం ఆపకుండా ఇవ్వాలి. పులి ఎక్కడుందో మొదట తెలిసేది వాళ్లకే. వాళ్లకు ఫోను, టార్చి, బూట్లు, బీమా ఉండాలి. పులి కదలికలను ఏ రోజుకారోజు ఊరి మైకులో చెప్పే ఏర్పాటు అక్టోబర్ నుంచి ఫిబ్రవరి దాకా తప్పనిసరి చేయాలి. కొన్నిచోట్ల చాటింపు వేస్తున్నారు, కానీ దాడి జరిగాక. ముందు కావాలి.

6. కరెంటు ఉచ్చుల మీద విద్యుత్ శాఖతో కలిసి రాత్రి తనిఖీలు చేయాలి. అడవి పందుల వల్ల పంట పోయిన రైతుకు వెంటనే పరిహారం ఇవ్వకుండా కేసులు మాత్రం పెడితే తీగలు ఇంకో చోట లేస్తాయి.

7. ప్రైవేటు షూటర్లను పిలవొద్దు. మన రాష్ట్రానికి సొంతంగా, పశువైద్యులతో, మత్తుమందు నిపుణులతో రెండు బృందాలుండాలి. ఒకటి ఆసిఫాబాద్, మంచిర్యాల వైపు, ఇంకోటి నల్లమలలోని అమ్రాబాద్ వైపు. హైదరాబాద్ నుంచి బండి బయలుదేరి వచ్చేసరికి పులి జిల్లా దాటిపోతోంది.

8. పట్టిన జంతువును ఎక్కడ వదిలినా రేడియో కాలర్ వేసి, అక్కడి గూడేల వాళ్లకు ముందే చెప్పాలి.

9. పులుల దారి గురించి మమ్మల్ని అడగకుండా నిర్ణయాలు తీసుకోవద్దు. 2025 మేలో కుమురం భీం కన్జర్వేషన్ రిజర్వ్ పేరుతో 49 నంబర్ జీఓ తెచ్చారు. ఆదివాసీలు వ్యతిరేకించాక జులైలో నిలిపి ఉంచారు. కాగజ్‌నగర్ అడవి మన కవ్వాల్ పులుల అభయారణ్యాన్ని తడోబాతో కలిపే దారి అని మాకూ తెలుసు. ఆ దారి తెగితే పులులు ఊళ్లలోంచి నడుస్తాయని కూడా తెలుసు. కాజీపేట–బల్లార్షా మూడో లైను, రోడ్ల విస్తరణ అన్నీ ఆ దారిని కోస్తూనే ఉన్నాయి. కాబట్టి మేం అడవి కాపాడటానికి వ్యతిరేకులం కాదు. పోడు పట్టాలు, గొడ్ల మేత, తునికాకు, ఇప్పపువ్వు హక్కులు ఏమవుతాయో గ్రామసభలో కూర్చుని రాసిచ్చి, ఆ తర్వాత మాట్లాడండి. అడవి హక్కుల చట్టం 2006 నుంచి అదే చెప్తోంది.

హైదరాబాద్‌లో ఉన్న మిత్రులకు, పాత్రికేయులకు కూడా ఒక మాట. పులి దాడి వార్త రాగానే ‘నరభక్షి’ అని హెడ్డింగ్ పెట్టకండి. పులుల సంరక్షణ సంస్థ మార్గదర్శకాలే ఆ మాట మానేసి, మనిషి ప్రాణానికి ప్రమాదకరమైన జంతువు అంటున్నాయి. ఒక్క దాడితో ఏ పులీ మనుషుల్నే వెతుక్కుని తినే జంతువైపోదు. ఆ మాట పడితే మాత్రం ఊళ్లో జనం నిద్రపోరు, పిల్లలు బడికి పోరు, మూడో రోజుకు ఎవరో ఒకరు విషం డబ్బా తీస్తారు. అలాగే పులి ఫొటో కింద ‘మనుషులే దోషులు’ అని రాసేవాళ్లు, ఒక్కసారి సిర్పూర్ కాగజ్‌నగర్ వెళ్లే రైలెక్కి రండి. నవంబర్‌లో రండి. మా చేనులో ఒక పూట వంగి పత్తి ఏరండి. మా వాళ్లకు పులి మీద పగ లేదు. పులి దేవరకు మొక్కే గూడేలు మా చుట్టూ ఉన్నాయి. మా వాళ్లు అడిగేది బతికి ఇంటికి చేరడం.

మంత్రి గారికి, ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి గారికి చివరి విన్నపం. పై తొమ్మిది డిమాండ్లలో ఏది ఒప్పుకుంటారో, ఏది కుదరదో, కుదరకపోతే ఎందుకో, పత్తి మొదటి ఏరుడు మొదలయ్యేలోపు, అంటే దసరాలోపు, రాతపూర్వకంగా చెప్పండి. ఆ జవాబు మీద మాట్లాడటానికి కాగజ్‌నగర్‌లో ఒక సమావేశం పెట్టండి. కలెక్టర్ గారు, సీసీఐ అధికారులు, విద్యుత్ అధికారులు, పశుసంవర్ధక శాఖ వాళ్లు, సర్పంచ్‌లు అందరూ ఒకే గదిలో ఉండేలా చూడండి. సమావేశం ఆదివారం వద్దు, కాగజ్‌నగర్ సంత రోజు కూడా వద్దు. ఆ రెండు రోజులూ కాకపోతే పత్తి ఏరే ఆడవాళ్లు కూడా వస్తామంటున్నారు. వాళ్లకు ఆ రోజు కూలి ఇచ్చే ఏర్పాటు చేస్తే ఇంకా ఎక్కువమంది వస్తారు. ముందు వరుస కుర్చీలు వాళ్లకే కేటాయించండి.

ఇట్లు,
కాగజ్‌నగర్ ప్రాంతంలో పుట్టి, హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటున్న ఒక పత్తి రైతు బిడ్డ
రామంతాపూర్, హైదరాబాద్